ఆదివారం లాంగ్ రన్: ముప్పైరెండు కిలోమీటర్లా, మూడు గంటలా?

42.195 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కి పేరు ఇచ్చామని చెప్పగానే మన ఊళ్లో రన్నర్లు అడిగే మొదటి ప్రశ్న, "ముప్పైరెండు కొట్టారా?" అని. విజయవాడ స్టేడియం దగ్గరైనా, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియం గేటు ముందైనా ఇదే మాట. విజయవాడలో బయల్దేరి పరిగెత్తుకుంటూ దాదాపు గుంటూరు చేరినంత దూరం అది. ఒక్కసారైనా అంత దూరం పరిగెత్తకుండా రేసుకి వెళితే మధ్యలో కూలబడటం ఖాయమని కొందరి నమ్మకం. అంత అక్కర్లేదు, ఇరవయ్యారు చాలు అని మరికొందరు. నడుస్తూ పరిగెత్తినా పర్లేదనేవాళ్లూ ఉన్నారు, పొద్దున సగం సాయంత్రం సగం చేసుకోమనేవాళ్లూ ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్.

నేను ఎటు మొగ్గుతానో ముందే చెప్పేస్తాను. లాంగ్ రన్, అంటే వారానికోసారి చేసే పొడవైన పరుగు, మానకూడదు. కానీ దాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో కొలవాలి. మన ఎండలో, మన ఉక్కపోతలో అయితే మరీనూ.

దాని పని ఏంటి

వారంలో నాలుగు రోజులు పదేసి కిలోమీటర్లు పరిగెత్తితే నలభై అవుతుంది. అయినా అది ఒక్క పాతిక కిలోమీటర్ల పరుగు చేసే పని చెయ్యదు. కారణం ఒంట్లో ఉండే ఇంధనం. మనం తిన్న అన్నం, ఇడ్లీ గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో దాగుతుంది. ఆ నిల్వ మొత్తం సుమారు 2000 కేలరీలు ఉంటుందని లెక్క. పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. అంటే 65 కిలోల మనిషికి 42.195 కిలోమీటర్లకి 2700 పైనే కావాలి. లోటు ఎక్కడ పడుతుందో చూడండి, ముప్పై దాటాక. ఇంటినిండా చుట్టాలున్న పండగపూట గ్యాస్ బండ అయిపోయినట్టు, అప్పటిదాకా బాగా నడిచిన కాళ్లు ఒక్కసారిగా మొరాయిస్తాయి. రన్నర్లు "వాల్" అనేది దీన్నే.

ఒంట్లో కొవ్వుకి మాత్రం కొదవ లేదు, సన్నగా ఉన్నవాళ్లకి కూడా. దాన్ని ఎక్కువగా వాడుకునేలా కండరాలని మలచాలి. అందుకు రెండు గంటలు దాటిన నెమ్మది పరుగును మించింది లేదు. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, గ్లైకోజెన్ దాచుకునే చోటూ పెరుగుతుంది. పిక్కలు, మడమల దగ్గరి స్నాయువులు అంతసేపు దెబ్బలు తినడానికి అలవాటు పడతాయి. షూ ఎక్కడ కరుస్తుందో, చంకల్లో తొడల్లో ఎక్కడ ఒరుసుకుపోతుందో, ఏం తింటే కడుపు తిప్పుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇవన్నీ రేసు రోజున తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

అయితే ఈ లాభం గంట గంటకీ అంతే పెరుగుతూ పోదు. రెండున్నర, మూడు గంటలు దాటాక కొత్తగా వచ్చేది తక్కువ, కండరాలకి జరిగే నష్టం ఎక్కువ. ఆ నష్టం పూడటానికి వారం పట్టిందనుకోండి, బుధవారం, శుక్రవారం చేయాల్సిన పరుగులు పోతాయి. పేరున్న అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ లాంగ్ రన్‌కి రెండున్నర గంటల హద్దు పెట్టింది ఇందుకే.

మరి ఈ ముప్పైరెండు ఎక్కడిది? మైళ్లలో లెక్క పెట్టుకునే వాళ్ల నుంచి వచ్చింది. ఇరవై మైళ్లంటే 32.2 కిలోమీటర్లు. వాళ్లకది గుండ్రటి అంకె, అంతకుమించి అందులో మహత్తేమీ లేదు. 2023లో చికాగోలో 2 గంటల 35 సెకన్లకి మారథాన్ ముగించిన కెల్విన్ కిప్టుమ్ లాంటి వాళ్లు తాపీగా వెళ్లినా ముప్పైరెండు రెండు గంటల పైచిలుకులో అయిపోతుంది. కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు తీసుకునే మనిషికి అదే దూరం నాలుగు గంటలు. అంకె ఒకటే, ఒంటికి పడే దెబ్బ ఒకటి కాదు.

మూడు గంటలని హద్దుగా పెట్టుకుంటే ఎవరికి ఎంత వస్తుందో చూడండి. కిలోమీటరుకి ఆరు నిమిషాలైతే 30 కిలోమీటర్లు. ఏడైతే 25 పైన. ఎనిమిదైతే 22.5. ఎనిమిది నిమిషాల వాళ్లు ఈ అంకె చూసి భయపడతారు, మిగతా ఇరవై ఎలా అని. వాళ్ల సంగతి కింద ఉంది.

ఎవరికి ఏ పద్ధతి

నెమ్మదిగా 30–32. పాత పద్ధతి, గట్టి పద్ధతి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 1950లలోనే తన శిష్యుల చేత వారం వారం 35 కిలోమీటర్ల కొండదారి పరుగు చేయించాడు. అతని శిష్యుడు పీటర్ స్నెల్ 1960, 1964 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచింది 800, 1500 మీటర్లలో. అంత చిన్న దూరాలకే లాంగ్ రన్ అక్కరకొచ్చిందంటే మారథాన్‌కి వేరే చెప్పాలా. ఈ పద్ధతి తాపీగా వెళ్లినా కిలోమీటరుకి ఆరు నిమిషాల లోపు ఉండేవాళ్లకి బాగా సరిపోతుంది. ప్రతి ఆదివారం అక్కర్లేదు, మొత్తం ట్రైనింగ్‌లో రెండు మూడు సార్లు చాలు. రేసు పేస్ (రేసులో కిలోమీటరుకి తీసుకునే సమయం) కంటే కిలోమీటరుకి 45 నుంచి 90 సెకన్లు నెమ్మదిగా వెళ్లాలి. పక్కవాళ్లతో నిన్న చూసిన సినిమా గురించి పూర్తి వాక్యాల్లో మాట్లాడగలుగుతుంటే పేస్ సరైనదే. ముక్కలు ముక్కలుగా మాట వస్తుంటే తగ్గించండి. మన గ్రూపుల్లో ఆదివారం పొద్దున జరిగేది చాలాసార్లు లాంగ్ రన్ కాదు, పోటీ. ముందు వెళ్లేవాణ్ని చూసి వెనకవాడు, వాచీలో అంకె చూసుకుని ముందువాడు. యాప్‌లో లైకులు వస్తాయి, మంగళవారానికి మోకాలు పట్టేస్తుంది.

ఇరవయ్యారు దగ్గర ఆపడం. అమెరికాలో హాన్సన్ సోదరుల పేరుతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి. పదహారు మైళ్లు, అంటే దాదాపు 26 కిలోమీటర్లు దాటరు. దీన్ని చూపించి "ఇరవయ్యారు చాలట" అని సంబరపడేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. ఆ ప్లాన్‌లో వారానికి ఆరు రోజులు పరుగే. గురువారం రేసు పేస్‌లో ఒకటి, శనివారం తేలిగ్గా ఇంకొకటి అయ్యాక, అలసిన కాళ్లతో ఆదివారం ఇరవయ్యారు. మారథాన్‌లో మొదటి ఇరవయ్యారు కాదు, చివరి ఇరవయ్యారు ఎలా ఉంటుందో అలవాటు చేయడం దాని ఉద్దేశం. వారానికి మూడు రోజులు పరిగెత్తి ఆదివారం ఇరవయ్యారుతో సరిపెడితే హాన్సన్ పద్ధతిలో సగం కూడా కాదు. షాపు తెరవాలి, పిల్లల్ని బడికి దింపాలి అనేవాళ్లకి ఆరు రోజుల ప్లాన్ కుదరడం కష్టం. కుదిరేవాళ్లకి మాత్రం ఇది మంచి మార్గం, మన వేసవికైతే మరీ మంచిది, ఎందుకంటే ఏ ఒక్క రోజూ ఎండ ముదిరేదాకా రోడ్డు మీద ఉండక్కర్లేదు.

చివర్లో వేగం పెంచడం. ఇరవైనాలుగు కిలోమీటర్లలో చివరి ఎనిమిది రేసు పేస్‌లో, అలాగన్నమాట. ఒకటి రెండు ఫుల్స్ పూర్తి చేసి టైమింగ్ తగ్గించుకోవాలనుకునేవాళ్లకి ఇది. మొదటిసారి వాళ్లు దీని జోలికి పోవద్దు. మేలో ఎవరూ పోవద్దు.

రన్-వాక్. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మళ్లీ నాలుగు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే ప్రచారం చేసిన పద్ధతి. ఒలింపిక్స్‌కి వెళ్లినవాడు నడవమంటుంటే మనకి నామోషీ ఏంటో నాకర్థం కాదు. కానీ ఒక నియమం ఉంది, నడక మొదటి కిలోమీటరు నుంచే మొదలవ్వాలి. అలసిపోయాక నడవడం రన్-వాక్ కాదు, అది ఓడిపోయి నడవడం. ఐదు గంటలు దాటి ముగించే అవకాశం ఉన్నవాళ్లకి, కిలోమీటరుకి ఎనిమిది నిమిషాల వాళ్లకి నేను చెప్పేది ఇదే. నడక వల్ల కాళ్లకి దెబ్బ తగ్గుతుంది కాబట్టి వీళ్లు చలికాలంలో మూడుంబావు, మూడున్నర గంటల దాకా వెళ్లినా ప్రమాదం తక్కువ. దాంతోపాటు శనివారం సాయంత్రం ఎనిమిది, పది కిలోమీటర్లు తేలిగ్గా పరిగెత్తి పడుకుంటే ఆదివారం పొద్దున అలసిన కాళ్లతో మొదలవుతుంది. మిగతా ఇరవై ఎలా అన్న భయానికి నా జవాబు అదే.

పొద్దున, సాయంత్రం పంచుకోవడం. పద్దెనిమిది పొద్దున, ఎనిమిది సాయంత్రం. మధ్యలో భోంచేసి నిద్రపోయాం కాబట్టి గ్లైకోజెన్ కొంత నిండిపోతుంది, ఒకే పరుగుతో సమానం కాదు. ఏమీ చేయకపోవడం కంటే చాలా నయం. ఎండ మండే వారాల్లో మధ్య మధ్య వాడుకోవచ్చు. అదే అలవాటుగా పెట్టుకోవద్దు.

ట్రెడ్‌మిల్ మీద మూడు గంటలు చేయగలిగిన ఓపిక నాకు లేదు, మీకుంటే చేయండి. ఏసీలో తయారైన ఒళ్లు రేసు రోజు ఉక్కపోతని తట్టుకోదని మాత్రం గుర్తుంచుకోండి.

హైదరాబాదా, ముంబయా

పద్ధతి కంటే ముందు తేల్చుకోవాల్సింది రేసు. ఇక్కడే చాలామంది తలకిందులుగా వెళతారు. స్నేహితుడు రిజిస్టర్ చేశాడని తామూ చేసి, తర్వాత క్యాలెండర్ చూసుకుంటారు.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. మనకి దగ్గర, ఖర్చు తక్కువ, తెలిసినవాళ్లు బోలెడు. పదహారు వారాల ప్లాన్ వేసుకుంటే మొదలయ్యేది మే మొదట్లో. అంటే పొడవైన పరుగులు జూన్, జూలైల్లో పడతాయి. మేలో బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. పగలు నలభై దాటడం ఒక ఎత్తు, రాత్రి కూడా చల్లబడకపోవడం ఇంకో ఎత్తు. తెల్లవారుజామున నాలుగింటికి బయటికొచ్చినా గాలి ఆడదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, అదే పేస్ ఇంకా కష్టంగా అనిపిస్తుంది. అప్పుడు వాచీని పక్కన పెట్టి ఊపిరిని బట్టి వెళ్లాలి. కిలోమీటరుకి ముప్పై సెకన్ల నుంచి నిమిషం దాకా నెమ్మదైనా అది వెనకబడటం కాదు. పది నుంచి పద్నాలుగు రోజులు క్రమంగా అలవాటు చేస్తే ఒళ్లు చాలావరకు సర్దుకుంటుంది. దానికి తోడు హైదరాబాద్ దారి నిండా ఫ్లైఓవర్లు. చదునైన బెజవాడ రోడ్ల మీద తయారైన కాళ్లకి అక్కడ ఎక్కడం, దిగడం రెండూ కొత్తే.

ముంబయి జనవరి మూడో ఆదివారం. ప్లాన్ సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది, పొడవైన పరుగులు నవంబర్, డిసెంబర్‌లో. అక్టోబర్, నవంబర్లలో తుఫాను వచ్చి ఒకటి రెండు ఆదివారాలు పోవచ్చు, అంతే. డిసెంబర్‌లో కృష్ణ ఒడ్డున తెల్లవారుజామున పరిగెత్తడం కంటే సుఖం రన్నర్‌కి ఇంకోటి లేదు. పెడ్డర్ రోడ్ ఎత్తు ఒకటి ఉంటుంది గానీ మిగతా దారి మన కాళ్లకి కొత్తగా అనిపించదు.

మొదటి ఫుల్ అయితే జనవరి రేసే పెట్టుకోండి. రైలు ఖర్చు ఎక్కువైనా సరే. హైదరాబాద్‌లో ఆ ఏడాది హాఫ్ మారథాన్ (సగం దూరం) పరిగెత్తండి, వేసవి పరుగు దానికి సరిపోతుంది. హైదరాబాద్ ఫుల్లే కావాలని పట్టుబడితే మూడు గంటల హద్దుని రెండున్నరకి దించి, శనివారం పరుగుని పెంచండి.

ఏ దారి

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ అందంగా ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. కానీ దాని పొడవు కిలోమీటరుంబావు కూడా లేదు. ఇరవయ్యారు కావాలంటే పదకొండుసార్లు వెళ్లి రావాలి, పైగా వాహనాల మధ్య. అటు దాటి సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకోవడం నయం. నీడ ఉంటుంది, నది గాలి ఉంటుంది, వెంకటపాలెం దాకా వెళ్లి వస్తే సులువుగా దూరం వస్తుంది. రాజధాని వైపు వెడల్పు రోడ్లు లాంగ్ రన్‌కి ఇంకా బాగుంటాయి గానీ నీడ లేదు, నీళ్లు దొరకవు, పనుల లారీలు తిరుగుతుంటాయి. ఎవరో ఒకరు బండి మీద నీళ్లతో వెంట ఉంటేనే అటు వెళ్లండి. జాతీయ రహదారి మీద వద్దు, ఎంత తెల్లవారుజామైనా వద్దు.

ఊళ్లోనే ఉండాలనుకుంటే ఐదారు కిలోమీటర్ల చుట్టు ఒకటి ఎంచుకుని నాలుగైదుసార్లు తిరగండి. విసుగే, కానీ ఇంటి గేటుకో బండికో సీసాలు పెట్టుకోవచ్చు, ఒంట్లో తేడా చేస్తే ఆగిపోవచ్చు. ఒంటరిగా పరిగెత్తే ఆడవాళ్లకి, ఎండాకాలంలో అందరికీ ఇదే మంచిది. గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం నుంచి మొదలుపెట్టి లక్ష్మీపురం, బ్రాడీపేట వీధుల్లో ఇలాంటి చుట్టు తేలిగ్గా కుదురుతుంది. ఇన్నర్ రింగ్ రోడ్డు పొడవు పరుగుకి బాగుంటుంది. మిర్చి సీజన్‌లో యార్డు వైపు మాత్రం పోకండి, ఆ ఘాటుకి దగ్గుతోనే సరిపోతుంది. ఎత్తు కావాలంటే గుంటూరువాళ్లకి కొండవీడు ఘాట్ రోడ్డు ఉంది. హైదరాబాద్ ఫ్లైఓవర్లకి దానికి మించిన తాలింఖానా లేదు.

చీకట్లో మెరిసే జాకెట్, రోడ్డుకి కుడివైపున ఎదురొచ్చే బండ్లు కనిపించేలా పరుగు. కుక్కలు మీదికొస్తే పరుగు ఆపి నడవండి.

తిండి, నీళ్లు

గంటన్నర దాటే ఏ పరుగైనా దారిలో తినాల్సిందే. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు అని లెక్క. ఒక జెల్‌లో ఇరవై, పాతిక గ్రాములుంటాయి. ఒక మోస్తరు అరటిపండులో కూడా దాదాపు అంతే. జెల్ మోయడానికి తేలిక, ధర ఎక్కువ, కొందరికి కడుపులో తిప్పుతుంది. చక్కెరకేళి చవక, కానీ జేబులో నలిగిపోతుంది. ఖర్జూరం రెంటికీ మధ్యస్తం, గింజ తీసి కవర్లో పెట్టుకుంటే సరి. బెల్లం ముక్క కూడా పనిచేస్తుంది, వెంటనే నీళ్లు తాగాలి. చుట్టు తిరిగేవాళ్లు అరటిపండుతో, దూరం వెళ్లేవాళ్లు ఖర్జూరంతో కానివ్వండి. రేసులో జెల్ వాడదామనుకుంటే మాత్రం కనీసం రెండు మూడు లాంగ్ రన్స్‌లో అదే జెల్ వాడి చూడండి.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదముంది. తక్కువ తాగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. గంటల తరబడి ఒట్టి నీళ్లే గటగటా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణాల మీదికొస్తుందని చాలామందికి తెలియదు. లీటరు నీళ్లలో ఒక ప్యాకెట్ కలిపే అసలు ఓఆర్ఎస్ పొడి వాడండి. ఆ పేరు తలపించేలా డబ్బాల్లో వచ్చిన తియ్యటి పానీయాలు వేరు. పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయిందని. బరువు పెరిగితే ఎక్కువ తాగేశారని. ఇంటికొచ్చాక మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగి, గంటలోపు పెరుగన్నమో ఇడ్లీయో తినండి.

నొప్పి రాకుండా ముందే ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకుని పరిగెత్తేవాళ్లున్నారు. ఎండలో, నీరు తగ్గిన ఒంట్లో అది కిడ్నీల మీద పడుతుంది, మానేయండి. పరుగులో ఎవరైనా తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఎండలో వణుకుతున్నా, చెమట పడుతున్నా సరే, వడదెబ్బే అనుకోండి. నీడకి చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఆసుపత్రికి ఫోన్ చేయండి. షుగర్, బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు ప్లాన్ మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చూపించుకోండి.

ఆదివారం తప్పితే

పెళ్లి వస్తుంది, జ్వరం వస్తుంది, ఆడిట్ వస్తుంది. ఒక లాంగ్ రన్ తప్పితే దాన్ని మర్చిపోయి వచ్చే ఆదివారం మామూలుగా కొనసాగించండి. తప్పిందాన్ని బుధవారం చేసి మళ్లీ ఆదివారం ఇంకోటి చేస్తే దెబ్బ తగిలేది అక్కడే. వరసగా రెండు తప్పితే ఒక మెట్టు దిగి, పోయిన సారి చేసినంత కంటే మూడు, నాలుగు కిలోమీటర్లు తక్కువతో మొదలుపెట్టండి. చివరి పెద్ద పరుగు రేసుకి మూడు వారాల ముందు అయిపోవాలి. తర్వాతి ఆదివారం పద్దెనిమిది, ఆ తర్వాత పన్నెండు. ఈ మూడు వారాల్లో పాత బాకీ తీర్చాలని చూడొద్దు, కొత్తగా వచ్చే బలం ఏమీ ఉండదు.

రేసు నెల రోజుల్లో ఉండగా మీ అతి పొడవైన పరుగు ఇంకా రెండు గంటల లోపే ఉంటే, నిర్వాహకులకి మెయిల్ రాసి ఫుల్ నుంచి హాఫ్‌కి మార్చమని అడగండి. కొన్ని రేసుల్లో గడువు లోపల మారుస్తారు. మార్చకపోతే రిజిస్ట్రేషన్ డబ్బులు వదులుకోవడమే చవక.